స్పానిషు క్రియలు – మా అబ్బాజాన్ కుట్టు మిషను

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసిందని సంపాదక వర్గం వారు పూర్వ విద్యార్థులను కోరినప్పుడు, పది మందికి పనికివచ్చే విషయం నాకేమి తెలుసునా అని చాలా రోజులు ఆలోచించాను. నేను కవయిత్రిని కాను. కథలు అల్లే నేర్పు లేదు. ఈ కళాశాలలో చదివిన మూడు సంవత్సరాలూ ఉర్దూ విభాగానికీ తెలుగు విభాగానికీ నడుమనున్న వరండాలో తిరిగినదానను. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకాలలో ఇంగ్లీషు. చివరకు బ్రతుకుతెరువు కోసం నేర్చుకొన్నది స్పానిషు. ఆ భాషలోని ఒక చిన్న వ్యాకరణ సూత్రం మా ఇంటి కష్టకాలంలో నాకు తోడుగా నిలిచింది. దానిని గురించే నాలుగు మాటలు వ్రాస్తున్నాను. వ్యాకరణమనగానే పుట త్రిప్పివేయవద్దని విద్యార్థినీ విద్యార్థులకు నా మనవి.

స్పానిషు సుమారు 20 దేశాలలో అధికార భాష. ఐరోపాలో స్పెయిను మొదలుకొని దక్షిణ అమెరికాలోని ఆర్జెంటీనా, చిలీల వరకు దాని రాజ్యమే. హైదరాబాదులోని కొన్ని కంపెనీలలో ఆ భాష తెలిసినవారికి ఉద్యోగాలు దొరుకుతాయని విని, 2017లో ఒక సాయంకాలపు తరగతిలో చేరాను. రుసుము కట్టినది మా అబ్బాజాన్. ఆయన దర్జీ. ఆ సంవత్సరం రంజాను నెలలో రాత్రి సహరీ వేళ వరకు కూర్చుండి కుట్టిన చొక్కాల కూలీ అంతా నా చదువుకే పోయింది. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేను ఎన్నడూ మరువలేదు.

మా ఇంటి ముందుగదియే దుకాణం. రాత్రి అన్నాలయిన తర్వాత ఆయన మిషను త్రొక్కుతూ ఉంటే, నేను ప్రక్కనే గుడ్డల మూటమీద కూర్చుండి పాఠం వల్లె వేసేదానను. స్పానిషు క్రియలు మూడు తెగలు. 'ఆర్' అని ముగిసేవి ఒక తెగ, 'ఎర్' అని ముగిసేవి రెండవది, 'ఇర్' అని ముగిసేవి మూడవది. నా అదృష్టమేమో, మా దుకాణపు పనులు మూడూ మూడు తెగలకు చక్కని ఉదాహరణలు. 'కోర్తార్' అనగా కత్తిరించడం; 'కోసెర్' అనగా కుట్టడం; 'అబ్రిర్' అనగా తెరవడం. "కోర్తా" అంటే ఆయన కత్తిరిస్తాడు. "కోసే" అంటే కుట్టుతాడు. "అబ్రే" అంటే తెరుస్తాడు. మన భాషలో కోసేది కత్తి, వారి భాషలో కోసేది సూది అని చెబితే అబ్బాజాన్ మిషను ఆపి మరీ నవ్వారు.

అంతవరకు సులువుగానే సాగింది. నాలుగు నెలలకు సబ్జంక్టివ్ అనే పాఠం వచ్చింది. తెలుగులో దానిని సంభావనార్థకం అనుకుందాము. జరిగినదానిని, జరుగుతున్నదానిని, జరుగునని మనం నమ్మి చెప్పేదానిని తెలిపే మామూలు రూపం నిశ్చయార్థకం. జరగాలని కోరేది, జరుగునో జరగదో అని శంకించేది, జరగమని అడిగేది సంభావనార్థకం. ఈ భేదం నాకు మొదట తలకెక్కలేదు. పరీక్షలో "మీరు మాట్లాడుతారని ఆశిస్తున్నాను" అనే వాక్యానికి "ఎస్పేరో కె ఉస్తెద్ అబ్లా" అని వ్రాశాను. 'అబ్లా' క్రింద ఎర్రగీత పడింది. ఆ ఒక్క తప్పే పలుచోట్ల చేసినందున 20 మార్కులకు 7 వచ్చినవి. మా ఉపాధ్యాయిని నన్ను నిలబెట్టి, "ఆయన మాట్లాడగా నీవు విన్నావా? ఆశపడుతున్నావు, అంతే కదా! ఆశపడినదానిని చూచినట్లు చెప్పవచ్చునా?" అన్నారు. తరగతి అంతా నవ్వింది. నాకు కన్నీళ్ళు వచ్చినంత పని అయింది.

ఆ రాత్రి పుస్తకం ముందు పెట్టుకొని సూత్రాన్ని మొదటినుండి చదివాను. నిజానికి అది ఎంతో సులువు. క్రియకు 'నేను' అనే కర్తతో వచ్చే రూపం తీసుకోవాలి. 'అబ్లార్' అనగా మాట్లాడడం; 'నేను మాట్లాడుతాను' అనేందుకు 'అబ్లో'. దాని చివరి 'ఓ'ను తీసివేయాలి. ఆపైన, ఆ తెగకు సహజమైన అచ్చును విడిచి ఎదుటి తెగ అచ్చును చేర్చాలి. 'ఆర్' తెగ క్రియలకు మామూలుగా 'ఆ' వస్తుంది కాబట్టి వాటికి 'ఏ' చేరుతుంది: అబ్లే, అబ్లేస్, అబ్లే, అబ్లేమోస్, అబ్లేయిస్, అబ్లేన్. వరుసగా నేను, నీవు, ఆయన లేక ఆమె, మేము, మీరు, వారు అనే కర్తలకు ఇవి సరిపోతాయి. 'ఎర్', 'ఇర్' తెగల క్రియలకు 'ఆ' చేరుతుంది: కోసా, కోసాస్, కోసా, కోసామోస్, కోసాయిస్, కోసాన్. 'అబ్రిర్'కూ అంతే: అబ్రా, అబ్రాస్, అబ్రా, అబ్రామోస్, అబ్రాయిస్, అబ్రాన్. నిశ్చయార్థకంలో కొన్నిచోట్ల విడిపోయే రెండవ, మూడవ తెగలు ఇక్కడ పూర్తిగా ఒక్కటైపోతాయి. 'నేను' రూపమూ 'ఆయన' రూపమూ కూడ ఒక్కటే. ఎవరిని గూర్చి చెబుతున్నామో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

నేను వల్లె వేస్తూ ఉంటే అబ్బాజాన్ విని, "బేటా, నిన్నటిదాకా కోర్తా, కోసే అన్నావు. ఈ రోజు కోర్తే, కోసా అంటున్నావు. 'ఆ' ఉన్నచోట 'ఏ', 'ఏ' ఉన్నచోట 'ఆ'. ఇది ఉల్టా అయింది కదా?" అని అడిగారు. జరిగినదానికి సీదా రూపం, ఇంకా జరగనిదానికి ఉల్టా రూపం అని చెప్పాను. ఆయన చేతిలో అప్పుడు ఎవరిదో చొక్కా ఉన్నది. దానిని ఎత్తి చూపి, "మేమూ అంతే చేస్తాము. కుట్టు పూర్తి అయ్యేవరకు గుడ్డ ఉల్టా వైపే పైకి ఉంటుంది. అంతా కుదిరిన తర్వాతనే సీదాకు తిప్పి ఇస్త్రీ చేస్తాము. ఉల్టాగా ఉన్నంత మాత్రాన అది చొక్కా కాకపోదు. ఇంకా కాలేదు, అంతే" అన్నారు. మూడవ తరగతి దాటి చదవని మా అబ్బాజాన్ చెప్పిన ఆ మాటతో నాకు పాఠం అర్థమైంది. ఆ తర్వాత నేను ఆ తప్పు చేయలేదు.

ఈ రూపం ఎక్కడెక్కడ వస్తుందో క్లుప్తంగా చెబుతాను. కోరిక, అభ్యర్థన, సంతోషం, విచారం, సందేహం, అవసరం వంటి భావాలు తెలిపే వాక్యం ముందు వచ్చి, ఆ వెనుక 'కె' అనే సంబంధ పదం తగిలి, రెండవ వాక్యంలో కర్త మారినప్పుడు ఇది వస్తుంది. "కియేరో కె మి పాద్రె అబ్రా లా త్యెందా" అనగా మా నాన్న దుకాణం తెరవాలని నా కోరిక. కర్త మారకపోతే ఈ హంగామా అంతా అక్కరలేదు. "కియేరో అబ్రిర్" అంటే చాలును, 'నేను తెరవాలనుకొంటున్నాను' అని. నమ్ముతున్నాను అనే 'క్రేయో కె' తర్వాత నిశ్చయార్థకమే వస్తుంది. నమ్మడం లేదు అనే 'నో క్రేయో కె' తర్వాత సంభావనార్థకం వస్తుంది. కత్తిరించవద్దు అని చెప్పాలంటే 'నో కోర్తేస్' అనాలి. పెద్దలను గౌరవంగా 'మాట్లాడండి' అని అడగాలన్నా 'అబ్లే' అనే అనాలి. గౌరవనీయులకు ఆజ్ఞ ఇవ్వము, కోరుకొంటాము అన్న మర్యాద ఆ అచ్చులో దాగి ఉన్నది.

వీటన్నింటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన పదం 'ఒహలా'. దీని వెనుక ఎప్పుడూ సంభావనార్థకమే వస్తుంది. 'ఒహలా అబ్లే' అంటే ఆయన మాట్లాడితే ఎంత బాగుండును అని, మాట్లాడుగాక అని. ఈ పదం స్పానిషువారిది కాదు. అరబీ నుండి వచ్చినది. స్పెయినులో వాడుకలో ఉండిన అరబీలోని 'లౌ షా అల్లాహ్', అనగా 'దేవుడు తలచినచో' అనే మాట కాలక్రమాన అరిగి అరిగి 'ఒహలా' అయిందని స్పానిషు అకాడమీవారి నిఘంటువు చెబుతున్నది. మన ఇండ్లలో దినదినం వినిపించే 'ఇన్షా అల్లాహ్'కు అది దగ్గరి చుట్టము. క్రీ.శ. 711లో ఆ దేశంలో అడుగుపెట్టిన ముస్లిం పాలన 1492 జనవరి 2న గ్రనాడా లొంగుబాటుతో అంతరించింది. అదే 1492లో నెబ్రిహా అనే పండితుడు మొట్టమొదటి స్పానిషు వ్యాకరణాన్ని ప్రచురించాడు. రాజ్యం పోయింది, ఆశను తెలిపే ఆ మాట మాత్రం జనం నోట నిలిచింది. దర్జీకి స్పానిషులో నేడు 'సాస్త్రె' అంటారు గాని పూర్వం 'అల్ఫయాతె' అనే మాట ఉండేది. అది మన ఉర్దూవారెరిగిన అరబీ మాట 'ఖయ్యాత్' నుండి వచ్చినదే. ఈ సంగతి చెప్పినప్పుడు అబ్బాజాన్, "అయితే ఆ ఊళ్ళో కూడ మావాళ్ళు ఉన్నారన్నమాట" అని మురిసిపోయారు.

ఉర్దూ తెలిసిన విద్యార్థులకు ఈ పాఠం కొత్త కాదు. "మైఁ చాహతీ హూఁ కె వో బోలే" అని మనం రోజూ అంటాము. అక్కడ 'బోల్తే హైఁ' అనము. ఉర్దూ, స్పానిషు భాషలు రెండూ ఇండో-యూరోపియను కుటుంబానివే. 'కె' అనే సంబంధ పదం సైతం రెండింటా ఒకే ధ్వనితో వినిపిస్తుంది. సభలలో మనమిచ్చే 'జిందాబాద్' నినాదంలోని 'బాద్' అనేది కూడ 'అగుగాక' అనే పారసీక రూపమే. దానికి సరియైన స్పానిషు నినాదం 'వివా'. అది 'జీవించు' అనే అర్థంగల క్రియకు సంభావనార్థక రూపం. తెలుగులో మనం 'వర్ధిల్లాలి' అంటాము. మూడు భాషల జనమూ ఊరేగింపులలో అరిచేది, వారికి తెలియకపోయినా, ఈ వ్యాకరణమే.

తెలుగు దారి వేరు. క్రియ చివర ఒక అచ్చు మార్చి ఈ భావాన్ని తెలిపే పద్ధతి మనకు లేదు. 'గాక', 'వలెను', 'బాగుండును' వంటివి చేర్చి ఆ పని నెరవేర్చుకొంటాము. ఒక వింత చూడండి. "రేపు నీవు వచ్చినప్పుడు చెబుతాను" అంటాము. రేపటి రాకను వచ్చేసినట్లే చెబుతాము. స్పానిషువాడు అందుకు ఒప్పుకోడు. "క్వాందో అబ్రే లా త్యెందా" అంటే ఆయన రోజూ దుకాణం తెరిచేటప్పుడు అని. "క్వాందో అబ్రా లా త్యెందా" అంటే ముందు ముందు ఎప్పుడో తెరిచినప్పుడు అని. తెరవని తలుపును తెరిచినట్లు చెప్పరాదని వాడి పట్టుదల.

ఇక్కడ ఒక హాస్యం కూడ చెప్పాలి. పండుగ ముందు ఖాతాదారులు "భాయ్, షేర్వానీ ఎప్పుడిస్తావు?" అని అడిగితే అబ్బాజాన్ "ఇన్షా అల్లాహ్, రేపు" అనేవారు. ఒక పెద్దమనిషి, "అల్లాహ్ తలుస్తాడయ్యా, నీవు తలుస్తున్నావా? అది చెప్పు" అని గద్దించాడు. ఆశ పనికి మారుపేరు కారాదని ఆ రోజు మా అబ్బాజాన్ నేర్చుకొన్నారు, నేనూ నేర్చుకొన్నాను.

2018 డిసెంబరులో ఒక ఉదయం అబ్బాజాన్ దుకాణం తలుపు తీయబోతూ కూలిపోయారు. పక్షవాతము. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. మెదడు ఎడమ భాగాన దెబ్బ తగిలినందున మాట కూడ పోయింది. మా మాటలు ఆయనకు కొంతవరకు అర్థమవుతున్నట్లు కళ్ళు చెబుతున్నవి. నోటినుండి మాత్రం శబ్దం తప్ప పదం రావడం లేదు. "మాట వస్తుందా డాక్టరుగారూ?" అని అడిగితే, "వస్తుందని చెప్పలేము, రాదనీ చెప్పలేము" అన్నారు. ఆ వాక్యంతో ఆసుపత్రి వరండాలో చాలా రాత్రులు గడిపాను.

నేను తరగతికి రాకపోవడం చూచి మా ఉపాధ్యాయిని ఫోనులో ఒక వాక్యం పంపారు: "అబ్లా యా తు పాద్రె?" మీ నాన్నగారు ఇప్పుడు మాట్లాడుతున్నారా అని. నాకు 20 మార్కులకు 7 తెచ్చిపెట్టిన క్రియయే అది. జవాబు వ్రాయడానికి ఎంతో సేపు పట్టింది. "తొదవీయా నో. ఒహలా అబ్లే" అని వ్రాశాను. ఇంకా లేదు, మాట్లాడుగాక. 'అబ్లా'కు 'అబ్లే'కు నడుమ ఒక్క అచ్చే భేదం. ఆ ఒక్క అచ్చు దాటడానికే మా ఇంటిల్లిపాదీ ఆ రాత్రి ప్రార్థిస్తున్నారు.

అప్పుడే ఒక సంగతి గ్రహించాను. 'ఒహలా అబ్లే' అన్నా, 'నో క్రేయో కె అబ్లే' అన్నా క్రియ ఒక్కటే. మాట్లాడుగాక అనే ఆశకూ, మాట్లాడుతాడని నమ్మను అనే నిరాశకూ భాష ఒకే రూపం ఇచ్చింది. జరగనిది రెండింటా జరగనిదే. భేదమంతా దాని ముందు మనం ఏ మాట నిలబెడతామనే దానిలో ఉన్నది. చూడవచ్చిన బంధువులలో కొందరు 'నో క్రేయో' అని ముఖాలతోనే చెప్పి వెళ్ళారు. కొందరు "ఏమీ పరవాలేదు, వారంలో లేచి మాట్లాడుతాడు" అని చూచివచ్చినట్లు చెప్పారు. పరీక్షలో నేను చేసిన తప్పు అదే. అమ్మీ మాత్రం రెండూ అనలేదు. రోజూ ఉదయం ఆయన మంచం ప్రక్కన కూర్చుండి, చెంచాతో జావ త్రాగిస్తూ, "బోలేఁ జీ, ఏక్ బార్ బోలేఁ" అనేది. ఉర్దూలో పెద్దలను గౌరవంగా అడిగే ఆ రూపమూ సంభావనార్థకమే. వ్యాకరణం ఎన్నడూ చదవని మా అమ్మీ ఆ రూపాన్ని ఒక్కనాడు కూడ తప్పలేదు. ఆశపడి ఊరకుండలేదు కూడ. మాట నేర్పే వైద్యురాలు చెప్పిన అభ్యాసాలన్నీ పూటపూటకు చేయించింది.

దుకాణం మూతపడింది. ఖాతాదారులు వచ్చి తలుపు తట్టి వెళ్ళేవారు. నాకు తరగతిలోని ఒక ఉదాహరణ గుర్తుకు వచ్చేది. "బుస్కో అల్ సాస్త్రె కె కోసే కమీసాస్" అంటే చొక్కాలు కుట్టే ఫలానా దర్జీ కోసం వెదుకుతున్నాను. ఆయన ఉన్నాడు, నాకు తెలుసు. "బుస్కో ఉన్ సాస్త్రె కె కోసా కమీసాస్" అంటే చొక్కాలు కుట్టగల దర్జీ ఎవరైనా దొరుకునా అని వెదుకుతున్నాను. ఉన్నాడో లేడో తెలియదు. కొన్నాళ్ళకు తలుపు తట్టేవారు మొదటి వాక్యం విడిచి రెండవ వాక్యంలోనికి మారిపోయారు. వీధి చివర మరొక దర్జీని చూచుకొన్నారు. వారిని నేను తప్పు పట్టను. పండుగ ఎవరికోసం ఆగుతుంది?

నాలుగవ నెలలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, అబ్బాజాన్ ఎడమచేతితో నీళ్ళ గ్లాసు చూపి, "ధాగా" అన్నారు. ధాగా అంటే దారం. కావలసినది నీళ్ళు, వచ్చిన మాట దారం. పక్షవాతం తర్వాత మాటలు ఇలా తారుమారు కావడం కద్దని వైద్యురాలు ముందే చెప్పి ఉన్నారు. అమ్మీ ఏడుస్తూనే నీళ్ళు ఇచ్చింది. ముప్పది సంవత్సరాలు చేతిలో ఆడిన వస్తువే మొదట నోటికి వచ్చింది కాబోలు. ఆ సాయంత్రం మా ఉపాధ్యాయినికి రెండే రెండు పదాలలో వ్రాశాను: "యా అబ్లా." ఇప్పుడు మాట్లాడుతున్నారు. చివరి అచ్చు 'ఆ'. గుడ్డ సీదాకు తిరిగింది. ఆమె వెంటనే జవాబు ఇచ్చారు, ఈసారి ఎర్రగీత ఏమీ లేదని.

అన్నీ సీదాకు తిరిగినవని చెప్పను. అబ్బాజాన్ ఇప్పటికీ పూర్తి వాక్యం చెప్పలేరు. కుడిచేయి కత్తెర పట్టదు. 'కోసే' అనే నిశ్చయార్థకం ఆయన విషయంలో తిరిగి రాలేదు. 'కోసా' దగ్గరే ఆగింది. నాకు స్పానిషు వచ్చినందున ఉద్యోగం దొరికింది. దక్షిణ అమెరికా నుండి వచ్చే ఉత్తరాలకు జవాబులు వ్రాస్తాను. ఉత్తరం చివర 'మీకు ఇది ఉపయోగపడగలదని ఆశిస్తున్నాము' అనే వాక్యం వ్రాసేటప్పుడల్లా, ఆ చివరి అచ్చు సరిగా పడిందో లేదో రెండుసార్లు చూచుకొంటాను. ఆయన మిషనును అమ్మలేదు. అమ్మీ వారానికొకసారి దానికి నూనె వేస్తుంది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఎవరైనా కుట్టుగాక అంటుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! పరీక్షలు దగ్గరపడుతున్న ఈ రోజులలో మీరు 'పాసవుతాను' అని అనుకోకండి, 'కాను' అనీ అనుకోకండి. ఇంకా కానిదానిని కానిదిగానే గుర్తించి, దాని ముందు 'ఒహలా' అని నిలిపి, కుట్టు సాగించండి. మన కళాశాల వర్ధిల్లుగాక. ఈ సంచిక చదివిన ప్రతి ఇంట మీ పెద్దలు మీతో చాలాకాలం మాట్లాడుదురుగాక. ఒహలా అబ్లేన్.